ఎర్నెస్ట్ దొర కచేరీ

వియన్నాలో ఎర్నెస్ట్ దొర వైద్యుడే కాదు, పాటగాడు కూడా. యూదుడని అక్కడ బతకనివ్వలేదు. భార్య లీనాతో ఓడెక్కి, 1939లో మా చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి వచ్చిపడ్డాడు. ఆయన పాట ఎందుకు మానేశాడో కాంపౌండర్ జనార్దనకి లీనమ్మే చెప్పింది. ఆఖరిసారి పాడినప్పుడు రెండో పాటలోనే సభంతా లేచి బయటికి నడిచిందట. ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తమ పెళ్ళిరోజుకి ఒక్కసారి పాడమని ఆమె బతిమాలింది. సరేనన్నాడు. ఈసారీ జనం మొహం తిప్పుకుంటే మాత్రం ఇక జన్మలో పాడనన్నాడు.

ఆదివారం సాయంత్రం ఆసుపత్రి హాల్లో చాపలు పరిచారు. ఆయన చేతిమందు తిన్నవాళ్ళంతా వచ్చారు. పాతపాళ్య నుంచి మునిశామప్ప బండి కట్టుకుని భార్య చౌడమ్మతో దిగాడు. లీనమ్మ పియానో మొదలుపెట్టింది. దొర గొంతు మంద్రంగా, నిండుగా హాలంతా పరుచుకుంది. ప్రతి పాటకీ ముందు జనార్దన అర్థం చెప్పాడు. రాత్రంతా కిటికీ కింద నిలబడ్డ ప్రియుడి సంగతి విని ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకున్నారు. తాళం వేయబోయిన చేతులు, దొర ఇష్టమొచ్చిన చోటల్లా సాగదీస్తుంటే, విసిగి ఒళ్ళో పడ్డాయి.

ఆఖరి పాట అయింది. దొర తలవంచాడు. చప్పట్లు లేవు, ఎవరూ కదల్లేదు. ఇంకోసారి వంగాడు. అందరూ ఆయన్నే చూస్తూ కూర్చున్నారు.

"వీళ్ళకీ నచ్చలేదు లీనా. ఇక చాలు" అని ఆయన గుమ్మం వైపు నడిచాడు.

జనార్దన గబగబా మునిశామప్ప దగ్గరికి వచ్చాడు. "పాట అయిపాయ గదప్పా మునిశామప్పా, అట్లే కూర్చోనుండారే?"

"యాడ అయిపాయ సామీ? మంగళం పాడనే లేదే. హరికథైనా భజనైనా మంగళం కాకుండా లేస్తారా?"

జనార్దన పరుగున వెళ్ళి దొరకి చెప్పాడు. చివర దేవుడికి మంగళం పాడితేనే మా దగ్గర కచేరీ ముగిసినట్టు, అందాకా వాళ్ళు లేవరు అని. దొర నమ్మలేదు. తన పాట నచ్చిందో లేదో అడగమన్నాడు.

మునిశామప్ప బుర్ర గోక్కున్నాడు. మొహమాటానికైనా అబద్ధమాడే మనిషి కాదు. "మాకేం తెలుస్తాది సామీ. సగం పాటలు ఒకటే మాదిరి ఉండాయి. అయితే మాత్రం, పాడే మనిషిని నిలబెట్టి లేసిపోతారా యెవరన్నా?"

జనార్దన దాన్ని ఇంగ్లీషులో చెప్పేసరికి దొర గోడకి ఆనుకుపోయాడు. కళ్ళు ధారలు కట్టినా తుడుచుకోలేదు. మంగళం తనకి రాదని, వాళ్ళనే పాడమని అడిగాడు.

చౌడమ్మ ఎత్తుకుంది. హాలంతా అందుకుంది. లీనమ్మ వేళ్ళు శ్రుతి వెతుక్కుంటూ వచ్చి కలిశాయి. అప్పుడు జనం లేచి, దొరకి దణ్ణం పెట్టి చాపలు చుట్టారు.

"మళ్ళా పాట ఎప్పుడో అడుగు సామీ, బండి కట్టుకోవల్ల" అన్నాడు మునిశామప్ప.

జనార్దన నోరు తెరిచేలోపే, రోగులతో రోజూ అనే మాటనే దొర తెలుగులో అన్నాడు. "ఆదివారం రండి."