ఎండకు పెట్టిన బ్యాటరీ

పత్తికొండ టమోటా మార్కెట్ పక్కన ఒక షెడ్డు ఉంది. వాడి పారేసిన లిథియం బ్యాటరీలను అక్కడ సేకరించి, వాటిలోని లోహాలను వేరుచేసి తిరిగి వాడుకలోకి తెచ్చే కర్మాగారానికి పంపుతారు. ఆ షెడ్డు చూసుకునే శ్రావణి ముందు, టమోటా రైతు ఉరుకుందు తువ్వాలు మూట విప్పాడు. పైరుకు మందు కొట్టే పంపులోని బ్యాటరీ అది. ఉబ్బి, వేడిగా ఉంది.

శ్రావణి దాన్ని పటకారుతో పట్టి, ఇసుక డ్రమ్ములో దించింది.

"ఏం చేసినావప్పా దీన్ని?"

"ఎండకు పెట్టినానమ్మా. టార్చిలైటు సెల్లులకు అట్లనే కదా చేసేది. చచ్చిన వస్తువును నీ చేతికెట్ల ఇచ్చేది? రోంత జీవం రానీలే అనుకుంటి."

"జీవముంటేనే మాకు భయం. మిగిలిన కరెంటంతా దించి, చంపినంకనే విప్పేది. ఎండకు పెడితే మంట లేస్తాది."

బతికించి తెచ్చినందుకు మందలింపు ఎందుకో, చంపితే గాని పనికిరాని వస్తువు ఏమిటో ఉరుకుందుకు అంతుపట్టలేదు. అంతలో మరొకటి గుర్తుకొచ్చింది.

"మా బావమరిదిది ఇంకొకటి వామి మీద పెట్టినానే."

అది ఇంటి పక్కనున్న వేరుశనగ కట్టె వామి. వానలు మొహం చాటేసిన ఆ యేడు ఎద్దులకు మిగిలిన మేత అదొక్కటే. శ్రావణి వెంటనే అతని ఇంటికి ఫోన్ చేయించి, స్పీకరు పెట్టించింది. భార్య భీమమ్మ పలికింది.

"వామి మీది బ్యాటరీకి పొగ వస్తాండాదా?" అని అడిగింది శ్రావణి.

"లేదు. ఉబ్బింది అంతే."

"చేత్తో ముట్టొద్దు. పారతో తీసి, వాకిట్లో ఇసుక మీదేసి దూరం పో."

"పొద్దున ఈయప్ప నీడ పడితే ఎండకు జరపమనె, ఇప్పుడు ముట్టొద్దంట," అని గొణిగింది భీమమ్మ. "ఎండ తగిలింది బ్యాటరీకి కాదు, ఈయప్ప తలకు."

పార గీసుకున్న చప్పుడు వినిపించింది. తరువాత బుస్సుమన్న శబ్దం. షెడ్డులో ఇద్దరూ ఫోన్ వైపే చూస్తూ నిలబడ్డారు.

"ఇసుకలోనే కాలిపాయ," అంది భీమమ్మ చివరికి. "వామికేం గాలేదు. ఎద్దులు బెదిరినాయి. మా తమ్మునికి మాత్రం నువ్వే చెప్పుకో."

ఉరుకుందు శ్రావణి వైపు తిరిగాడు.

"అంటే దాంట్లో జీవముండెనా, లేకుండెనా?"

"ఉండె. కానీ అది..." అంటూ శ్రావణి డ్రమ్ములో ఇంకో పార ఇసుక పోసింది.

ఇల్లు చేరేసరికి వాకిట్లో నల్లటి మరక కనిపించింది. పిట్టగోడ మీద పొద్దున తను పెట్టిన టార్చిలైటు సెల్లులు రెండూ ఇంకా ఎండ కాగుతున్నాయి. ఉరుకుందు ఒకదాన్ని నీడకు జరిపాడు. రెండోదాన్ని ఉన్నచోటే ఉంచాడు.