సలోమమ్మ యింటి పులిపిండి జాడీ

చైత్రమాసపు ప్రభాతవేళ భీమునిపట్టణ సముద్రతీరమున మత్స్యకారుల తెరచాపలు బాలభానుకిరణస్పర్శచే రక్తవర్ణములై శోభిల్లుచుండ వేపపూత పరిమళమును మోసికొనివచ్చిన మందమారుతము రొట్టెలబట్టీ సలోమమ్మ యింటి పొగగొట్టమును సమీపించినంతనే కాలిన గోధుమల కమ్మదనమునకు లొంగి తన పరిమళమును దానే మఱచిపోవుచుండెను. మఱునాడు పునరుత్థానపర్వము. పట్టణమునందలి క్రైస్తవకుటుంబము లన్నియు నా బట్టీరొట్టెకే యెదురుచూచుచుండెను.

ఆ రొట్టెకు బ్రాణము పులిపిండి. పిండియు నీరును గలిసి పులిసి బుడగలెత్తిన యా ముద్దను జాడీలో నుంచి దినదినము గొంత వాడుకొని మిగిలినదానికి మరల బిండి మేపుచు మూడుతరములుగా నొక్కనాడైనను జావనీయలేదని సలోమమ్మ యూరెల్ల జాటుకొనుచుండెను. దీనిని జంపినవారికి నా గడపలో జోటు లేదనియు ననుచుండెను. క్రొత్తకోడలు తొలి పర్వమునకు ముందునాడు పరిశుద్ధగ్రంథముపై జేయి యుంచి "నాకందినదానిని జావనీయక యందింతును" అని ప్రమాణము చేసి యత్తచేతినుండి జాడీ నందుకొనుట యా యింటి యాచారము.

కోడలు ఎస్తేరు ఆ యుదయమున గ్రంథమువంకకైన జూడక గడపకడనే నిలిచియుండెను. ఏల నిలువదు? ఆమె పుట్టినిల్లు ఇడ్లీలమ్మి బ్రదుకు కాపురము. చలికాలమున నిడ్లీపిండి పులియుటకై గిన్నెను బొయ్యిప్రక్కన నుంచుట యచ్చటి పసిపిల్లకైన దెలిసిన విద్య. మాఘమాసమున నత్త చుట్టముల యింటికి బదునైదుదినము లేగినపుడు జాడీ కాపుదల నెత్తిన బడిన యా పిచ్చితల్లి అయ్యో చలికి బిగిసిపోవుచున్నదే యని జాలిపడి యారిన బట్టీలో దానిని బెట్టి తలుపు మూసెను. మంట యారినను నిటుకలబట్టీ రెండుదినములు వేడి విడువదని పాపమామెకేమి తెలియును? తెల్లవారి తీసిచూడ జాడీలో నుడికి గట్టిపడిన ముద్ద యుండెను. కొంప మునిగినది!

పెనిమిటికైనను జెప్పక యామె క్రొత్తపిండిని దడిపి పెట్టెను. ఒకమాఱు కుళ్లిపోయెను. రెండవమాఱు బుడగలెత్తెను. తిరిగివచ్చిన సలోమమ్మ దానిని నాలుక కద్దుకొని "మా అత్త సేతి పులుపు!" అని మురిసిపోవ ఎస్తేరు తేలుకుట్టిన దొంగవలె జాడీకి మూతపెట్టి లోనికి బోయెను.

ఇప్పుడు గ్రంథము ముందున్నది. అబద్ధప్రమాణము చేసినచో దేవుని భయము. నిజము పలికినచో పుట్టింటి దారి.

"ఏటే, అలగ నిలుసుండిపోనావు? సెయ్యెట్టు" అని సలోమమ్మ తొందరపెట్టెను.

"ఎట్టనేనత్తా! అది మీ పులిపిండి కాదు. మీరు ఊరెల్లినప్పుడు బట్టీలో ఎట్టి సంపీసినాను. ఇది నాను కొత్తగా సేసినది" అని ఎస్తేరు భోరున నేడ్చెను.

సలోమమ్మ మొగమున నెత్తురుచుక్క లేదు. తడబడుచు వెనుకకు జరిగి పిండిబస్తాపై గూలబడెను. పొమ్మను మాట యెప్పుడు వచ్చునో యని ఎస్తేరు కన్నులు మూసికొనెను.

"ఎన్నాళ్లకి పొంగినాది?" అని యత్త మెల్లగా నడిగెను.

"ఎనిమిదో రోజుకి."

"నాకు పదకొండు రోజులు పట్టినాది."

ఎస్తేరు దిగ్భ్రాంతయై కన్నులు తెఱచెను. తాను విన్నది కలయో నిజమో యామెకు దెలియలేదు.

"ఓలమ్మ! ఏటత్తా మీరంతన్నది?"

"కాపరానికొచ్చిన యేడే జాడీని ఎండలో మరిసిపోనాను. సచ్చిపోనాది. మా అత్తకి సెప్పనేదు. ఈ పుస్తకం మీదే సెయ్యేసి అబద్దమాడినాను. ముప్పయ్యేళ్లయినాది. నువ్వు అబద్దం ఆడనేకపోనావు" అని పలికి యా వృద్ధురాలు సిగ్గుతో గొంగుచాటున మొగము దాచుకొని పసిబిడ్డవలె వెక్కివెక్కి యేడ్చెను.

అమితగర్వముతో జాటిన మూడుతరముల పులుపు మూడుమాసములదే యని తెలిసినపుడు నవ్వవలెనో యేడ్వవలెనో తెలియక యత్తాకోడండ్రు చాలసేపు చేతులు పట్టుకొని కూర్చుండిరి. పిదప సలోమమ్మ లేచి జాడీని గోడలి యొడిలో నుంచి ప్రమాణవాక్యమును మార్చి చెప్పించెను. ఆ యింట నేటికిని గ్రొత్తకోడండ్రు పలుకున దదియే: "నా చేత జచ్చినచో దాచక చెప్పి మరల బుట్టింతును."