బుగ్గమ్మ చక్రం

కీచ్… కీచ్… కీచ్.

సన్నటి చప్పుడు. ఎక్కడో దూరంగా ఎవరో గేటు తీసి, వేసి, మళ్ళీ తీస్తున్నట్టు.

దీపాలు ఆర్పాక మొదలవుతుంది. మొదట ఆగి ఆగి. తర్వాత ఒకే వరసన. కుర్చీల కింద నుంచి, కొక్కేనికి వేలాడే బట్టల మధ్య నుంచి నడుచుకుంటూ మంచం దాకా వస్తుంది.

మంచం మీద సెకన్ల ముల్లు కళ్ళు మూసుకుని వింటుంది.

సెకన్ల ముల్లంటే ఎనిమిదేళ్ళ పిల్ల. అసలు పేరు బడి రిజిస్టరులో భద్రంగా ఉంది, ఇంట్లో ఎవరికీ దానితో పనిలేదు. ఉన్నచోట ఉండదని నాన్న పెట్టిన పేరు ఇది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. అంతకంటే మంచి పేరు ఆయనకు తోచే అవకాశం లేదు.

అమ్మ నర్సు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో రాత్రి డ్యూటీ. పొద్దు వాలాక వెళుతుంది. తెల్లవారాక వస్తుంది. పగలంతా కిటికీ తెరలు దించుకుని పడుకుంటుంది.

ఆ పిల్లకు రాత్రంటే భయం.

చీకటంటే కాదు. దయ్యాలంటే అసలే కాదు, వాటితో ఆడుకోగలదు. ఇంట్లో అందరూ పడుకుని, మెలకువగా ఒక్కరూ లేకపోతే… అదీ భయం. నాన్న పడుకున్నాడంటే పిడుగు పడ్డా లేవడు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

ఒకరోజు జడ వేయించుకుంటూ అడిగింది.

"అమ్మా, నువ్వు అక్కడ ఆ పిల్లల కోసం మేలుకుంటావు కదా. మరి మనింటికి ఎవరు మేలుకుంటారు?"

అమ్మ చేతిలో దువ్వెన ఆగింది. జడ ఆ రోజు చాలా గట్టిగా పడింది.

అలా వచ్చింది హ్యామ్‌స్టర్.

పగలు పడుకుని రాత్రి మేలుకునే జంతువు ఒకటి ఉందని బడి లైబ్రరీ పుస్తకంలో చదివి, ఆ పుస్తకం ఇంటికి తెచ్చి, ఆ పేజీ తెరిచి నాన్న బల్ల మీద పెట్టింది. ఇదేం సరదా తల్లీ, ఎలుకను బయటికి తరిమినవాళ్ళను చూశాను గానీ బండెక్కించుకుని తెచ్చుకున్నవాళ్ళను చూడలేదు, అన్నాడాయన. అన్నాడే గానీ ఆదివారం బయల్దేరాడు.

పెంపుడు జంతువుల షాపాయన ఓపికగలవాడు. అన్నీ విడమరిచి చెప్పాడు. ఏ గింజలు పెట్టాలి, కాగితం ముక్కలు ఎంత మందాన పరచాలి, పగలు ఎందుకు కదపకూడదు. చలిగాలి అస్సలు తగలనివ్వకండి, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి, అని రెండుసార్లు చెప్పాడు.

నాన్న తల ఊపుతూనే ఉన్నాడు. ఆయన చూపు మాత్రం షాపు గోడ మీద ఉంది. అక్కడి గడియారం నాలుగు నిమిషాలు వెనక ఉంది. ఆ నాలుగు నిమిషాలు ఆయన్ని ఇంకేదీ విననివ్వలేదు.

ఇంటికొచ్చింది, పంజరంతో, అందులో ఎక్కి పరిగెత్తడానికి ఒక ఇనుప చక్రంతో.

గోధుమ రంగు. అరచేతిలో ఇంకా చోటు మిగిలేంత ఒళ్ళు. తోక ఉన్నట్టా, లేనట్టా. కళ్ళు రెండు నల్ల చుక్కలు. గింజలు పెడితే తినదు, బుగ్గల్లో కుక్కుకుంటుంది. బుగ్గలు ఒళ్ళంత అవుతాయి. అప్పుడు ఎవరైనా తీసుకుపోతారేమో అన్నట్టు అటూ ఇటూ చూసి, కాగితాల్లోకి దూరిపోతుంది.

బుగ్గమ్మ అని పేరు పెట్టారు. అమ్మే పెట్టింది, ఆవులింతకీ ఆవులింతకీ మధ్య.

సాయంత్రాలు కొత్తగా అయిపోయాయి.

వెలుగు పలచబడే వేళ… ఒక గదిలో అమ్మ లేచేది. ఒక మూల బుగ్గమ్మ లేచేది. అమ్మ ముఖం కడుక్కునేది. బుగ్గమ్మ రెండు చేతులతో మూతి తుడుచుకునేది. అమ్మ నీళ్ళు తాగేది. బుగ్గమ్మ నీళ్ళ సీసా గొట్టం కొసను నాకేది. అమ్మ చెప్పులేసుకుంటే బుగ్గమ్మ చక్రం ఎక్కేది.

"నువ్వెళ్ళిరా అమ్మా. బుగ్గమ్మ డ్యూటీలోకి వచ్చేసింది" అనేది పిల్ల.

తలుపు మూసుకునేది. చక్రం తిరిగేది.

కీచ్… కీచ్…

ఎవరో ఒకరు మేలుకుని ఉన్నారు.

ఎవరో ఒకరు మేలుకుని ఉన్నారు…

ఆ మాట మూడోసారి పూర్తయ్యేది కాదు. నిద్ర వచ్చేసేది. చక్రం మీద తనే నడుస్తున్నట్టు కలలు. ఎంత నడిచినా ఇల్లు దూరం కాని కలలు.

నాన్న సంగతి వేరు.

ఇరవై ఏళ్ళుగా ఆయన చెవి ఒకటే నేర్చుకుంది. చప్పుడంటే జబ్బు. ఎక్కడో పన్ను అరిగింది, ఎక్కడో నూనె ఎండింది. బాగున్న యంత్రం తన మానాన తను తిరుగుతుంది, ఎవరికీ చెప్పుకోదు. తన ఇంట్లో ఒక్క తలుపు కిర్రుమనదు, ఒక్క ఫ్యాను మూలగదు. అమ్మ డ్యూటీ నుంచి వచ్చేది కూడా ఎవరికీ వినబడదు. అలాంటి ఇంట్లో ఈ కీచు ఒకటి. పిడుగుకు లేవనివాడు దీనికి లేచి కూర్చునేవాడు. పట్టుకోవలసిన సుస్తీ కళ్ళముందు తిరుగుతుంటే ఎలా పడుకుంటాడు?

మూడు వారాలు ఓర్చుకున్నాడు. అది ఆయన లెక్కలో చాలా ఎక్కువ.

చలి ముదిరిన ఒక సాయంత్రం, అమ్మ వెళ్ళిపోయాక, పిల్ల పక్కింట్లో ఆడుకుంటుండగా చక్రం ఊడదీశాడు. బల్ల దీపం వెలిగించాడు. కంటికి భూతద్దం తగిలించుకున్నాడు. ఇరుసు తుడిచి, సూది మొనతో ఒక్క చుక్క నూనె… ఇంకో వైపు ఒక్క చుక్క. వేలితో తిప్పాడు. చక్రం తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. చీమ నడిచినంత చప్పుడు లేదు.

ఎంత హాయిగా నవ్వుకున్నాడో.

చక్రం మళ్ళీ బిగించి, నూనె వాసన పాపం ఆ ప్రాణికి పడదేమోనని పంజరాన్ని ముందు గదిలో కిటికీ దగ్గర పెట్టాడు. రెక్క జానెడు తెరిచాడు. వాసన పోయాక మూద్దామనుకున్నాడు. తర్వాత ఎవరో ఇచ్చిన పాత గోడ గడియారం గుర్తొచ్చింది. అంతే, కిటికీ మరిచిపోయాడు.

దీపాలు ఆరాయి.

మంచం మీద పిల్ల విన్నది.

ఏమీ లేదు.

"నాన్నా… బుగ్గమ్మ మేలుకుందా?"

"మేలుకుంది. పడుకో."

ఆయన వెళ్ళి చూడలేదు. చూడక్కర్లేదనుకున్నాడు. చప్పుడు లేదంటే అంతా బాగున్నట్టే కదా.

ఆమె మళ్ళీ విన్నది. దుప్పటి తీసి విన్నది. ఊపిరి బిగబట్టి విన్నది.

ఏమీ లేదు…

తెల్లవారింది. పాలలో నీళ్ళు ఎక్కువైనట్టున్న వెలుగు. నాన్న లేచి టీ పెడదామని వస్తూ ముందు గదిలో ఆగాడు. కిటికీ తెర ఉబ్బి ఉంది.

రెండంగల్లో కిటికీ దగ్గరికి చేరాడు.

పంజరం ఊచలు వేలికి చురుక్కుమన్నాయి. కాగితం ముక్కల్లో బుగ్గమ్మ. ఉండలా ముడుచుకుని, చల్లగా, గట్టిగా. చిటికెన వేలితో తట్టాడు. కదల్లేదు. తీసి చెవికి ఆనించుకున్నాడు, ఆగిన గడియారాన్ని ఆనించుకున్నట్టే. ఆ చెవికి వినబడని టిక్కు అంటూ ఉండదు. ఇప్పుడేమీ వినబడలేదు.

కిటికీ మూశాడు. చేసిన పని ఎంతటిదో అప్పుడు తెలిసింది. చేతి గడియారాలు పెట్టే మఖమలు పెట్టె ఒకటి తీసి, అందులో పడుకోబెట్టాడు. ఒళ్ళు సరిగ్గా సరిపోయింది. అది చూసి ఇంకా బాధేసింది.

పిల్లకు చెప్పకూడదు. జంతువుల షాపు పదింటికి తెరుస్తారు. ఇదే రంగుది ఇంకొకటి తెచ్చి పెడితే… ఆలోచన ఇంకా ముడిపడలేదు, తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. అమ్మ.

ఆయన ముఖం చూసింది. పెట్టె చూసింది.

"పోయింది" అన్నాడు. "నా వల్లే."

ఆమె సంచి దించింది. చేతులు కడుక్కుంది, మోచేతుల దాకా, వార్డులో ఏ బిడ్డనైనా ముట్టుకునే ముందు కడుక్కున్నట్టే. తుడుచుకుని, అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుని, అప్పుడు బుగ్గమ్మను తీసుకుంది.

"ఏవండీ. గడియారం చూడండి."

"ఎందుకు?"

"ఒక్క నిమిషం చూడండి. ఊపిరి నేను చూస్తాను."

ఆయన చూశాడు. సన్నటి ముల్లు కదిలింది. పది. ఇరవై. జీవితమంతా ఆ ముల్లు వెంట తిరిగిన మనిషికి అది ఇంత నెమ్మదిగా నడుస్తుందని తెలియదు. ముప్పై. నలభై…

"ఎంత?"

"నలభై రెండు."

"మీసం కదిలింది."

"గాలేమో."

"కిటికీ మూశారుగా. ఇంకో నిమిషం చూడండి."

మళ్ళీ పది. మళ్ళీ ఇరవై. ఆమె వంగి, తన ఊపిరి తగలకుండా మొహం పక్కకు పెట్టుకుని చూస్తోంది. ముప్పై ఎనిమిది దగ్గర ఆమె తల ఊపింది.

అప్పుడు చూశారు, గుమ్మంలో దుప్పటి కప్పుకుని నిలబడ్డ పిల్లను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చచ్చిపోయిందా?"

"లేదు. చలికి ముడుచుకుపోయింది" అంది అమ్మ. "లేస్తుందో లేదో చెప్పలేనమ్మా. చూద్దాం. రా."

"ఇంత పొద్దున్నే ఎందుకు లేచావురా?" అన్నాడు నాన్న, ఏదో ఒకటి అనాలని.

"పడుకుంటే కదా లేవడానికి. రాత్రి ఎవరూ మేలుకుని లేరు. అందుకని నేనే మేలుకున్నాను."

ఆ మాట ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. రాత్రంతా ఈ ఇంటికి కాపలా కాసింది ఎనిమిదేళ్ళ పిల్ల. తను పక్కనే హాయిగా గుర్రు పెట్టాడు.

అమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. ఇద్దరి గుండెల మధ్య, దుప్పటి లోపల, బుగ్గమ్మ. వార్డులో మరీ చిన్నగా పుట్టినవాళ్ళను వాళ్ళమ్మల గుండెల మీద ఇలాగే ఉంచుతాం, కంగారు పెట్టకూడదు, వేడి మెల్లగా ఎక్కాలి, అని చెప్పింది. పిల్ల కదల్లేదు. ఉన్నచోట ఉండని పిల్ల, మొదటిసారి, ఉన్నచోట ఉంది.

నాన్న ఎదురుగా నిలబడి చెప్పేశాడు. నూనె. కిటికీ. చూడకుండా చెప్పిన మాట. ఇంకొకటి తెచ్చి పెడదామనుకున్న సంగతి కూడా. అదొక్కటి చెప్పకపోయినా తెలిసేది కాదు, కానీ చెప్పాడు.

గదిలోకి ఎండ వచ్చింది. గోడ మీద కొంచెం. నేల మీద కొంచెం. దుప్పటి అంచు మీద కొంచెం…

"అమ్మా, గోకుతోంది."

నిజమే. వణుకు ముందు. తర్వాత గోరు. తర్వాత ఒక నల్ల చుక్క తెరుచుకుని, ఈ ఇల్లేమిటి, ఈ గొడవేమిటి అన్నట్టు చూసి, మళ్ళీ మూసుకుంది. వేరే నిద్ర. వెచ్చటి నిద్ర.

పిల్ల అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, నాన్న వైపు చూసింది.

"నాన్నా, చప్పుడు మళ్ళీ పెట్టు."

ఇరవై ఏళ్ళలో ఆయన దగ్గరికి చప్పుడు తీయమని వచ్చినవాళ్ళే తప్ప పెట్టమని వచ్చినవాళ్ళు లేరు.

కాసేపటికి పిల్ల నిద్రపోయింది. ఆమె మీద చెయ్యి వేసి అమ్మ నిద్రపోయింది. దుప్పట్లో బుగ్గమ్మ నిద్రపోతోంది. మూడు ఊపిర్లు, ఒకటి చాలా చిన్నది.

ఇంట్లో మేలుకుని ఉన్నది ఆయనొక్కడే. ఆ రోజు తన గడియారాల షాపు తెరవలేదు. కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నాడు. గడియారాల వైపు చూడలేదు.

వాళ్ళు లేచాక చక్రం ఇరుసు తుడిచాడు, స్పిరిటుతో మూడుసార్లు. నీళ్ళ గిన్నె మీద ఆవిరి పట్టించాడు. తుప్పు పట్టమని బతిమాలాడు. చక్రం మెత్తగా, ముద్దుగా, చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. ఆయన పనితనం అలాంటిది. తనను తాను తిట్టుకుంటూ వీధి తలుపు బందులు కూడా నూనె పోయేలా తుడిచాడు. ఎవరూ అడగలేదు. అమ్మ డ్యూటీ నుంచి వచ్చేది ఒకరికి వినబడితే బాగుంటుందనిపించింది.

చప్పుడు వచ్చేదాకా తనదే డ్యూటీ అన్నాడు. రోజూ దీపాలు ఆర్పాక పంజరం పక్కన కుర్చీ వేసుకుంటాడు.

"నాన్నా, మేలుకునే ఉన్నావా?"

"ఉన్నాను."

"బుగ్గమ్మ?"

ఇప్పుడు వంగి, చూసి, అప్పుడు చెబుతాడు. "తిరుగుతోంది."

"అమ్మ?"

"అమ్మ కూడా."

వారాలు గడుస్తున్నాయి. బుగ్గమ్మ బుగ్గల నిండా గింజలు మోస్తోంది. దాని ఆయుష్షు రెండేళ్ళని పుస్తకంలో తర్వాతి పేజీలో ఉంది. పిల్ల ఆ పేజీ చదివింది. ఎవరితోనూ అనలేదు. పుస్తకం లైబ్రరీలో ఇచ్చేసింది.

ఇవాళ…

కిటికీ రెక్కలు బిగించి ఉన్నాయి. అద్దం మీద పొగమంచు. చీకటి ఇంకా పోలేదు, వెలుగు ఇంకా రాలేదు. కుర్చీలో నాన్న తల వాలిపోయింది. ఎంత ప్రేమ ఉన్నా నిద్ర నిద్రే. పంజరంలో చక్రం ఊగుతోంది, ఎక్కిందో దిగిందో కనబడదు. ఎక్కడో బయట అడుగుల లాంటివి, వాన చినుకుల లాంటివి.

మంచం మీద సెకన్ల ముల్లు, సగం నిద్రలో, సగం వింటూ —

కీచ్.

ఒక్కసారే.

చక్రం దగ్గరా? తలుపు దగ్గరా?

ఆమె కళ్ళు తెరవలేదు. దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

ఎవరో ఒకరు మేలుకుని ఉన్నారు.

ఎవరో ఒకరు…

కీచ్…