దూవాన్ చేసిన స్పీకర్లు

"ఆ పెట్టెలు ఓడిపోతే మీ నాన్న ఇక కుర్చీలోంచి లేవడే. నా మాట విని ఈ పోటీ మానెయ్యండి," అంది నూబియా, ముందుగదికి అడ్డంగా దుప్పటి కడుతూనే.

"ఇప్పుడు మాత్రం లేస్తున్నాడా అమ్మా?" అంది కూతురు యమిలెత్.

నూబియా దుప్పటి ముడి ఇంకా బిగించింది. మోటారు సైకిలు మీద వెళ్లిన కొడుకు దూవాన్ తిరిగి రాలేదు. ఆనాటి నుంచి ఆమె భర్త అర్హెమీరో పాట వినలేదు. పాటే ప్రాణంగా బతికే ఈ కాలీ ఊళ్లో పాట వినని మనిషంటే అన్నం మానేసిన మనిషి కిందే లెక్క. ఒకప్పుడు ఆదివారం వస్తే ఆ వీధిలోని రికార్డుల పిచ్చోళ్లంతా వాళ్లింట్లోనే చేరేవారు. రికార్డు తిరుగుతుంటే అర్హెమీరో ఒళ్లో ఇనప గంట పెట్టుకుని, తానూ ఆ బ్యాండులో ఒకడైనట్టు కర్రముక్కతో తాళం కొట్టేవాడు. ఇప్పుడు కిటికీ వైపు చూస్తూ కూర్చుంటాడు, అంతే. మధ్యాహ్నం కాస్త కునుకు తీసినా సరే, నూబియా వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటుంది.

గదిలో ఉన్న రెండు దేవదారు పెట్టెలు దూవాన్ తన చేత్తో చేసి తండ్రికిచ్చిన స్పీకర్లు. వాటిని నడిపే యాంప్లిఫయరు ఎప్పుడో కాలిపోయింది. అర్హెమీరో బాగు చేయించలేదు. పెట్టెల మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. దుమ్ము కూడా తానే తుడిచేవాడు.

యమిలెత్ ఈమధ్యే కొత్త స్పీకర్ల జత ఒకటి తెచ్చింది. అర్హెమీరో ఓరగా చూసి, "ప్లాస్టిక్కు డబ్బాలు. మీ అన్న పెట్టెల ముందు ఇవి నోరెత్తలేవు," అన్నాడు. కొడుకు పోయాక అన్ని నెలల్లో అతని నోట్లోంచి వచ్చిన పొడుగాటి మాట అదే. పిల్ల ఆ మాట పట్టుకుంది. "అయితే పోటీ పెడదాం నాన్నా. కళ్లతో కాదు, చెవులతో." అతను ఒప్పుకున్నాడు. డబ్బాలు నెగ్గితే ఇంట్లో అవే మోగించుకోండి, నేను అడ్డు రాను అన్నాడు. పెట్టెలు నెగ్గితే మాత్రం ఇంకెవరూ వాటి జోలికి రాకూడదన్నాడు.

పంచాయితీకి వచ్చినవాడు ఉల్పియానో, దూవాన్‌కి బాప్తిస్మం నాటి జ్ఞానతండ్రి. తన సొంత యాంప్లిఫయరుని చంటిపిల్లని మోసినట్టు మోసుకొచ్చాడు.

"నాసిరకం మెషిను తగిలించి పిల్లాడి పెట్టెల్ని ఓడించానని రేపెవడూ అనకూడదు చెల్లెమ్మా. ఇవి పాసివ్‌వి. వాటంతట అవి మోగలేవు, బయటినుంచి బలం ఇవ్వాలి. కానీ ఆ మెషిను పాడైతే అదొక్కటీ మారిస్తే సరి, పెట్టె మనవళ్ల దాకా ఉంటుంది. మీ పిల్ల తెచ్చినవి యాక్టివ్‌వి. బలం లోపలే, పెట్టెకి తగ్గట్టు అమర్చే ఉంటుంది. తీగల గోల తక్కువ. లోపలిది పోతే మాత్రం మొత్తం పెట్టెకే జబ్బు."

"మరి ఏవి మంచివన్నయ్యా?"

"అది తెలిస్తే ఈ దుప్పటి ఎందుకు కట్టావు? ఆరేసుకోవడానికా?"

దుప్పటి వెనక నాలుగింటినీ పక్కపక్కనే పెట్టారు. యమిలెత్ ఫోనులో శబ్దం కొలత చూస్తూ రెండు జతల మోతా సమానం చేయించింది. "మన ఊరోళ్లు బోల్తా పడేది ఇక్కడే," అన్నాడు ఉల్పియానో. "ఏది గట్టిగా మోగితే అదే గొప్పదంటారు." అంటూనే అతను ఆగిపోయాడు. పాత పెట్టె మీద పెట్టిన వేలికి నల్లటి పొడి అంటుకుంది.

"ఏంటన్నయ్యా అది?" నూబియా దగ్గరికి వచ్చింది.

"లోపలి కాగితం గిన్నె చుట్టూ ఉండే స్పాంజి పట్టీ. ఈ ఉక్కకి నుగ్గయిపోయింది. పెట్టె విప్పి కొత్తది వెయ్యాలి."

"విప్పనిస్తాడా?"

"నువ్వే అడుగు."

ఆమె దుప్పటి అంచు పట్టుకుని ఆగింది. అవతలి నుంచి అర్హెమీరో, "గుసగుసలు తర్వాత. మొదలెట్టండి," అన్నాడు.

యమిలెత్ వెళ్లి తండ్రి ఒళ్లో గంట పెట్టింది. అతను వద్దనలేదు, ముట్టుకోనూ లేదు.

మొదట దూవాన్ పెట్టెలు మోగాయి. పాడేవాడి గొంతు బాగానే ఉంది గానీ కింద బేసు గరగరమంది. అర్హెమీరో కదల్లేదు. "ఇవి డబ్బాలు," అన్నాడు.

తర్వాత అదే పాట మొదటినుంచి కొత్తవాటిలో వేశారు. బాకాలు లేచాయి. అర్హెమీరో చెయ్యి ముందు గంట అంచు తడిమింది. తర్వాత కర్రముక్క పట్టుకుంది. గంట మోగింది. నూబియా చల్లటి మొక్కజొన్న పానకం, చాంపూస్ గ్లాసులు తెస్తూ వంటింటి గడపలోనే నిలబడిపోయింది. పాట ఆఖరి దాకా అతని తాళం ఒక్కసారి కూడా తప్పలేదు.

"విన్నారుగా," అన్నాడు. మొహం వెలిగిపోతోంది. "వీడే నా దూవాన్. ఆ బేసు వాడు నాకోసం అట్లా కుదిర్చాడు. గంట నేనా కొట్టింది, వాడే కొట్టించాడు."

ఉల్పియానో దుప్పటి ఇవతలికి వచ్చాడు.

"ఏంటి, అందరి నోళ్లూ పడిపోయాయా?"

యమిలెత్ దుప్పటి వెనకే ఉండిపోయింది. ఉల్పియానో నేల చూపులు చూస్తున్నాడు. అవునయ్యా అని ఒక్క మాట అంటే చాలు, అనుకుంది నూబియా. ఈ పూటకి బతుకుతాడు. కానీ రేపు దుప్పటి లేకుండా కొడుకు పెట్టెలే పెట్టుకుంటాడు, చెయ్యి లేవదు. చచ్చిపోయింది తన మనసే అనుకుంటాడు. అప్పుడేం చెయ్యను?

"అవి వాడివి కాదయ్యా," అంది. "అవి పిల్ల తెచ్చినవి. వాడివి ముందు మోగాయి."

అర్హెమీరో చేతిలో కర్రముక్క ఆగిపోయింది. మొహంలో వెలుగు ఎటు పోయిందో పోయింది. కన్నబిడ్డ గొంతు గుర్తుపట్టలేని తండ్రిలా కూర్చున్నాడు. నూబియా కళ్లు అతని ఛాతీ మీదే ఉన్నాయి, ఊపిరి ఆడుతోందా లేదా అని.

"బావా," అన్నాడు ఉల్పియానో. "తప్పు వాడి పనితనానిది కాదు. పట్టీలు పొడైపోయాయి. జబ్బు మనిషిని పరిగెత్తించి ఓడిపోయాడంటే న్యాయమా? విప్పి కొత్తవి వేస్తాను. విప్పమంటావా?"

కొండ గాలి వీధిలోకి దిగింది. రికార్డు చివర సూది ఊరికే గీసుకుంటూ తిరుగుతోంది. యమిలెత్ దుప్పటి తప్పించి తండ్రి కాళ్ల దగ్గర కూర్చుంది. అతను కూతురి వంక చూళ్లేదు. నూబియా చేతిలో గ్లాసులు చెమ్మగిల్లి నీళ్లు కారుతున్నాయి. బయట వీధి దీపాలు కూడా వెలిగాయి.

"వాడు జిగురు గట్టిగా పెడతాడు," అన్నాడు అర్హెమీరో చివరికి. "మెల్లిగా విప్పు."