నా కోడలు లైను ఆపింది

మా ఇంట్లో నా మాటే చెల్లుతుంది. చెల్లకపోతే నాకు చిర్రెత్తుకొస్తుందని అందరికీ తెలుసు. ఈ పరాయి దేశానికి వచ్చినా అందులో మార్పు లేదు. మనవరాలికి ఇక్కడి నీళ్లు వంటబట్టి పెద్దవాళ్లకు ఎదురు సమాధానాలు చెబుతోందని, దాన్ని మన దేశంలో మా చెల్లెలి దగ్గర పెంచాలని తేల్చేశాను. ఆదివారమే ప్రయాణం. కొడుకు తలూపాడు. కోడలు వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె నాతో ఏం చెప్పాలన్నా అత్తగారి చేతే చెప్పిస్తుంది. ఎంత ఒద్దికైన పిల్లో అని నలుగురిలో గొప్పలు పోయేవాణ్ని.

నేనూ కోడలూ ఒకే మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాం. సీసాలకు లేబుళ్లు అంటించే లైనుకు నేను సూపర్‌వైజర్ని. అక్కడ తలపైన లైను పొడవునా ఓ ఎర్ర తాడుంటుంది. తప్పు కనిపిస్తే ఎవరైనా లాగొచ్చు, లైనంతా ఆగిపోతుంది. నా లైను మీద దాన్ని లాగే మొనగాడు ఇంకా పుట్టలేదనుకునేవాణ్ని.

ఆ రోజు పొద్దున లేబుళ్ల చుట్ట నేనే మార్చాను. కాసేపటికి చప్పుడంతా ఒక్కసారిగా ఆగిపోయింది. ఎవడురా అని ఇంతెత్తున లేచాను. చూస్తే తాడు పట్టుకుని మా కోడలు! నన్ను చూసినా తాడు వదల్లేదు.

“మామయ్యగారూ, ఇవి పసిపిల్లల సీసాలు. మీరు పెట్టింది పెద్దవాళ్ల లేబులు,” అంది, అందరి ముందు, నేరుగా నా ముఖంలోకి చూస్తూ.

సీసా తీసి చూశాను. మోతాదు పెద్దవాళ్లదే. ఏ తల్లో అది చదివి బిడ్డకు పట్టేసేది. పరుగున వచ్చిన మేనేజరు ఆమె చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు, చుట్ట మార్చమన్నాడంతే. అంత పెద్ద యంత్రాన్ని ఈ పిల్ల ఆపిందా అని నేను నోరెళ్లబెట్టి చూస్తూ ఉండిపోయాను. కోపం రావాలి, రాలేదు. ఆమెకు దండం పెట్టాలనిపించింది.

సాయంత్రం ఇంట్లో ఆమె తలొంచుకుని కూతురి బట్టలు పెట్టెలో సర్దుతోంది. పొద్దున చూసిన మనిషేనా ఈమె అనిపించింది. ఫ్యాక్టరీలో నన్ను ఆపడానికి ఓ తాడుంది, ఇంట్లో ఏముంది? నాకు భయం వేసింది.

“అమ్మాయీ, పిల్లను పంపడం నీకిష్టమేనా?”

ఆమె అలవాటుగా వంటింట్లో ఉన్న అత్తగారి వైపు చూసింది.

“ఆవిణ్ని కాదు, నిన్నే అడుగుతున్నా.”

“ఇష్టం లేదు మామయ్యగారూ.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

“నాకూ ఇష్టం లేదండీ. మీకు చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి, కూర్చోండి,” అంది.

నేను కూర్చున్నాను.