మోడెమ్‌ల గది

ఇవాంజెలిన్‌కు అన్నిటికన్నా పెద్ద భయం, పాప ఏడుస్తుంటే తనకు వినబడకపోవడం. జ్వరాలకూ దగ్గులకూ అంత భయపడదు. అవి కంటికి కనిపిస్తాయి.

వాళ్లుండేది గన్‌ఫౌండ్రీలో, ఒక బ్యాంకు వెనక సందులో, మేడ మీద. భర్త సామ్ సుందర్ అబిడ్స్‌లో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే చిన్న కంపెనీలో పనిచేస్తాడు. ఆఫీసులో చోటు చాలక కంపెనీవాళ్లు వీళ్ల ముందు గదిలో ఒక ఇనుప ర్యాక్ పెట్టారు. అందులో యాక్సెస్ సర్వర్, దాని కింద మోడెమ్‌లు, వాటికి టెలిఫోన్ లైన్లు. ఊళ్లో ఎవరు డయల్ చేసినా ఇక్కడ ఒక మోడెమ్ ఆ కాల్ ఎత్తి వాళ్లను నెట్‌కు కలపాలి. సర్వర్ వేడెక్కితే ఆగిపోతుందని గదికి ఏసీ వచ్చింది. "మా ఇంట్ల ఏసీ పెట్టించిన్రు" అని అత్తగారు జీవరత్నం చర్చిలో కనిపించినవాళ్లందరికీ చెప్పింది. చల్లగాలి బయటికి పోకుండా, దుమ్ము లోపలికి రాకుండా ఆ గది తలుపు ఎప్పుడూ వేసే ఉండాలి. పాప డోర్కాస్ మాత్రం వెనక గదిలో, ఒళ్లంతా చెమటకాయలతో, చీర ఊయలలో పడుకుంటుంది.

మోడెమ్ మొండికేస్తే స్విచ్ తీసి మళ్లీ వెయ్యాలి. వదులైన వైరు బిగించాలి. ఫ్యాన్ జాలీకి పట్టిన దుమ్ము పాత బనీనుతో తుడవాలి. ఈ పనికి ఎవరూ పని అని పేరు పెట్టలేదు. "ఇంట్లనే ఉంటవు కద, జర చూస్తుండు" అన్నాడు సామ్ సుందర్, అంతే. ఇంటర్ మధ్యలో పెళ్లి కుదిరినప్పుడు మెదక్‌లో నాన్న కూడా ఇలాగే, ఇంట్ల ఉండేదానికి పరీక్షలెందుకు అన్నాడు. ఇంట్లో ఉండటమంటే ఏమీ చెయ్యకపోవడమని వీళ్లందరికీ ఎవరు చెప్పారో ఆమెకు తెలియదు. ఆ గదిలోకి వెళ్తే ఫ్యాన్ల హోరు, దాని మీద ఏసీ హోరు. ఆ హోరులోంచి పాప ఏడుపు వినబడినట్టే ఉంటుంది. పరుగున వచ్చి చూస్తే పాప నిద్రపోతుంటుంది. మళ్లీ లోపలికి వెళ్తుంది, మళ్లీ వస్తుంది. వెంట తీసుకెళ్దామంటే వైర్లు గుంజుతుంది, చలికి తుమ్ముతుంది. కూర తాలింపు పెడుతుంటే మోడెమ్‌లు గుర్తొస్తాయి, మోడెమ్‌ల ముందు నిలబడితే పాప గుర్తొస్తుంది. ఏ గదిలో ఉన్నా ఇంకో గదిలో ఉండాల్సిందేమో అనిపిస్తుంది.

"ఆ చప్పుడుల పాప ఏడ్సింది ఇనబడతలేదండీ" అని ఒకసారి భర్తకు చెప్పింది.

"పిల్లలన్నంక ఏడుస్తరు."

"తలుపు జర తీసి పెట్టుకుంట."

"తలుపు తీసుకునేటందుకా ఏసీ పెట్టింది? నీకు ఊకెనే ఫికర్ ఎక్కువ."

"నలుగురిని పెంచిన నేను" అంది జీవరత్నం. "గిట్ల చెవులు రిక్కిచ్చుకొని కూసోలే."

ఆ మంగళవారం అత్తగారు స్త్రీల ప్రార్థనకు వెళ్లింది. మధ్యాహ్నం సామ్ సుందర్ ఫోన్ చేశాడు. సగం మోడెమ్‌లు ఎత్తడం లేదు, కస్టమర్లు తిడుతున్నారు. ఆమె పొడుగు వైరున్న ఫోన్ తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసింది. సర్వర్‌లోంచి సర్క్యూట్ కార్డు లాగి మళ్లీ ఎలా బిగించాలో అతను చెబుతుంటే రిసీవర్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి మరలు విప్పింది.

"పాపను ఒకసారి చూసొస్త."

"కార్డు సగం బయట పెట్టి పోతవా? కంపెనీ సొమ్మది. ముందుగాల్ల నెట్టు."

నెట్టింది. దీపాలు ఒక్కొక్కటే పచ్చగా వెలిగాయి. "శభాష్" అన్నాడు. ఆమెకు సంతోషం వేసింది. ఆ తర్వాత సిగ్గుపడింది కూడా ఆ సంతోషానికే.

తలుపు తీస్తే గడప దగ్గర పాప బోర్లా పడి ఉంది. ఊయలలోంచి జారి, పాక్కుంటూ అక్కడిదాకా వచ్చింది. ఎంతసేపు ఏడ్చిందో, గొంతు పోయింది. నోరు తెరుస్తోంది, చప్పుడు రావడం లేదు. వెనక వేలాడుతున్న రిసీవర్ మాత్రం "ఇవా, లైన్ల ఉన్నవా" అంటోంది.

సాయంత్రం అతను పాప గొంతు తడిమి చూశాడు. "ఏం కాలే కద. రెండ్రోజులల్ల వస్తది."

"రేపటిసంది ఆ తలుపు తీసే ఉంటది" అంది ఇవాంజెలిన్.

తెల్లవారి తలుపు మూతపడకుండా రుబ్బురోలు పొత్రం అడ్డం పెట్టింది. మధ్యాహ్నానికి సర్వర్ ఆగిపోయింది. మర్నాడూ అంతే. "మొగుని కొలువు తీస్తవా ఏంది" అంది అత్తగారు. ఇవాంజెలిన్ పొత్రం జరపలేదు. ఆ వారం దాటకుండానే కంపెనీవాళ్లు వచ్చి ర్యాక్ విప్పుకుపోయారు. ఏసీ కూడా పోయింది. గోడకు మిగిలిన కంతను చూసి జీవరత్నం చాలా నిట్టూర్పులు విడిచింది.

"యాడ పెట్టిన్రు దాన్ని?" అని ఈ సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఇవాంజెలిన్ అడిగింది.

"నాంపల్లిల, మా ఆఫీసు సురేందర్ ఇంట్ల. ఆయన భార్య జమున ఇంట్లనే ఉంటది కద."

ఆఫీసు పండుగకు వచ్చినప్పుడు జమున కడుపుతో ఉంది. ఇప్పుడు ఒళ్లో పిల్ల ఉండాలి. ఇవాంజెలిన్ గరిటె కింద పెట్టి ఆ ఇంటికి ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. రేపు పొద్దున పాపను చంకనేసుకుని తనే వెళ్తుంది, భర్తను అడగదు. కానీ పొద్దుటిదాకా ఆగాలి. మీలో ఎవరైనా ఇప్పుడు నాంపల్లి స్టేషన్ వైపు ఉంటే, ఎదురు సందులో సురేందర్ ఇల్లెక్కడని అడిగి, ఒకసారి జమునను చూసి రండి. తలుపు గట్టిగా కొట్టండి. లోపలికి వినబడదు.