సెల్లార్‌లో వేసవి టైర్లు

కేకు కోసం ప్లమ్ పండ్లు చీల్చి గింజలు తీస్తుంటే, హానోవర్ నుంచి వోల్క్‌మార్ ఫోన్ చేసి ఇల్లు కనబడటం లేదన్నాడు. మా ఆయన సోమవారం పొద్దున్నే అక్కడికి ఉద్యోగానికి వెళ్ళి శుక్రవారం తిరిగి వచ్చే మనిషి. అతను ఇల్లు అన్నది ఈ గోడలను కాదు. కప్పు మీద సోలార్ పలకలు, సెల్లార్‌లో బ్యాటరీ, మేం వాడే కరెంటు, వీటన్నిటి సంగతీ చెబుతూ అతని ఫోన్లో ఒక గీత పాకుతుంటుంది. అది ఆదివారం నుంచి కదలడం లేదట. కంపెనీ వైపు లోపమేమోనని రెండు రోజులు ఆగాడట. వాళ్ళేమో ఇంట్లోనే చూసుకోమన్నారట.

"నువ్వేమైనా ముట్టుకున్నావా?"

లేదన్నాను.

"సరిగ్గా గుర్తు తెచ్చుకో."

ఈ రెండు రోజులూ అతను ఫోన్ చేయకపోతే ఆఫీసులో పని ఎక్కువేమో అనుకున్నాను. గీత ఆగిపోతే నాతో మాట్లాడటానికి అతనికి ఏమీ మిగల్లేదని అప్పుడు అర్థమైంది. బ్యాటరీ వచ్చినప్పటి నుంచి మా మాటలన్నీ అదే దారిన నడిచాయి. పొద్దున్నే గీత లేచిందేమిటి, ఇస్త్రీయా? ఎండ వచ్చేదాకా ఆగలేవా? మధ్యాహ్నం ఎండ ఉండగా మెషీన్లో బట్టలు ఉతకడం కోసం లైబ్రరీలో నా పగటి డ్యూటీ వదులుకుని సాయంత్రాలకు మారాను. పిల్లలకు నేను కథలు చెప్పే గంట ఆ మార్పుతో కొత్తగా చేరిన అమ్మాయికి పోయింది. ఇంట్లో ఎవరూ దాన్ని నష్టం అనలేదు. పై అంతస్తులో ఉండే మా అత్తగారైతే, మగవాడు ఇంటిని ఇంతగా పట్టించుకుంటే అదృష్టవంతురాలివని పొగిడింది కూడా. నేనూ తలాడించాను. తలాడించడానికి కరెంటు ఖర్చు కాదు కదా.

ఓవెన్ వేడెక్కడానికి పెట్టి, ఫోన్ చెవికి ఆనించుకుని సెల్లార్‌లోకి దిగాను. పెద్ద దీపం ఏ రంగులో ఉందని అడిగాడు. ఆకుపచ్చగా ఉందన్నాను. అంటే బ్యాటరీ చక్కగా పనిచేస్తోంది. చిన్న దీపం? ఎర్రగా మిణుకుమంటోంది. అంటే కబురు బయటికి వెళ్ళడం లేదు. పైకెళ్ళి రౌటర్ ఆపి మళ్ళీ వేయమన్నాడు, వేశాను. బ్యాటరీ అడుగున ఉన్న బొటనవేలంత వైఫై ముక్కను పీకి గుచ్చమన్నాడు. పాస్‌వర్డ్ అక్షరం అక్షరం చెప్పాడు. అది మా పిల్లి పేరు, పెట్టింది నేనే. అయినా చెప్పనిచ్చాను.

వైఫై ముక్క దాకా చెయ్యి పోనివ్వకుండా టైర్లు అడ్డంగా ఉన్నాయి. అక్టోబరు వచ్చిందంటే మా వీధి మగవాళ్ళకు పూనకమే. జాకీలు పట్టుకుని బయటికొచ్చి, వేసవి టైర్లు విప్పి, మంచులో జారని చలికాలపువి బిగిస్తారు. గ్యారేజీలో చేయించడం వోల్క్‌మార్‌కు నామోషీ. విప్పిన చక్రాలను ఇనప రిమ్ములతో సహా ఎప్పుడూ ఎదురు గోడకు పేర్చేవాడు. ఈ ఆదివారం ఆ చోట తన కొత్త సైకిలు పెట్టుకుని, వాటిని తెచ్చి బ్యాటరీ ముందు దొంతరగా పేర్చాడు.

ఫోన్ స్పీకర్లో పెట్టి మెట్టు మీద ఉంచాను. రెండు చేతులా పై చక్రాన్ని పక్కకు దించాను. దాని కిందిదాన్నీ లాగాను. వైఫై ముక్కను ఇంకా ముట్టుకోనేలేదు, ఎర్ర దీపం ఒకసారి వెలిగి ఆరి, ఆకుపచ్చగా మారింది. సిగ్నల్‌కు అడ్డం ఆ ఇనప రిమ్ములే.

"వచ్చింది, వచ్చింది" అన్నాడు వోల్క్‌మార్. ఆ గొంతులో ఎంత సంతోషమో. నాకూ సంతోషమేసింది, అబద్ధం ఎందుకు. నీ టైర్లే అడ్డమయ్యా అని నవ్వుతూ చెప్పబోయాను.

"ఆగాగు. ఇంత పైకి లేచిందేమిటి? ఓవెన్ పెట్టావా? మీకక్కడ మబ్బు పట్టి ఉంది కదా, ఇర్మెలా."

సెల్లార్ కిటికీలోంచి చూశాను. నిజమే, మబ్బుగానే ఉంది. నెలలో సగం రోజులు నేను మా ఊరి ఆకాశాన్ని హానోవర్ నుంచే తెలుసుకుంటున్నాను. కోపం రావలసింది, రాలేదు. చాలాసేపు మోసిన సంచీ కింద పెట్టినట్టు ఒళ్ళు తేలికైంది. వంగి రెండు చక్రాలనూ ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి, ఎక్కడివక్కడ పెట్టాను. బరువే, కానీ మోయలేనంత కాదు.

"మళ్ళీ పోయింది. ఏం చేశావు? కారణం ఏమైనా కనబడిందా?"

"కనబడింది. శుక్రవారం వచ్చాక చూపిస్తాను. వాటిని మాత్రం కదపనివ్వను."

"వేటిని? అసలేమైంది బ్యాటరీకి?"

"బ్యాటరీకేం కాలేదు, వోల్క్‌మార్. నేనే కనబడదల్చుకోలేదు."